టాబ్లెట్ అస్సే వ్యాలిడేషన్: తొమ్మిది రికవరీలూ పాస్, అయినా ఏదో తేడాగా ఉంది

#1 కాలమ్‌కుర్రాడు

అందరికీ నమస్కారం. 10 మి.గ్రా. టాబ్లెట్, సగటు బరువు 200 మి.గ్రా. హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను కాలమ్‌లో విడదీసి కొలిచే యంత్రం) మీద అస్సే, అంటే టాబ్లెట్‌లో మందు ఎంతుందో కొలిచే మెథడ్. అది సరిగ్గా కొలుస్తోందని నిరూపించే వ్యాలిడేషన్ నడుస్తోంది. యూవీ డిటెక్టర్, ఇంజెక్షన్ 20 మైక్రోలీటర్లు. శాంపిల్ తయారీలో 5 టాబ్లెట్లు 500 మి.లీ. ఫ్లాస్కులో వేస్తాం, అంటే 0.1 మి.గ్రా./మి.లీ. స్టాండర్డ్ (పోల్చడానికి వాడే, గాఢత తెలిసిన ద్రావణం) కూడా అదే గాఢత, సింగిల్ పాయింట్, అంటే ఆ ఒక్క గాఢతతోనే కాలిబ్రేషన్.

యాక్యురసీ కోసం ప్లాసిబో (మందు లేని టాబ్లెట్ పొడి) 950 మి.గ్రా. ప్రతి ఫ్లాస్కులోనూ ఒకేలా ఉంచి, ఏపీఐ (అసలు మందు) మాత్రం 40, 50, 60 మి.గ్రా. తూచి వేశాం. ఒక్కో లెవెల్‌కు మూడు. రికవరీలు, అంటే వేసినదాంట్లో దొరికిన శాతాలు:

80%: 99.1, 98.7, 99.4
100%: 98.3, 98.9, 98.6
120%: 98.0, 98.5, 98.2

ప్రోటోకాల్ లిమిట్ 98.0 నుంచి 102.0. అన్నీ పాసే. కానీ లెవెల్ పెరిగే కొద్దీ రికవరీ దిగుతోంది, ఒక్కటి కూడా 100 దాటలేదు. ప్లాసిబో ఇంజెక్షన్‌లో ఏపీఐ వచ్చే చోట బేస్‌లైన్ శుభ్రంగా ఉంది. ఇలాగే రిపోర్ట్ చేసేయొచ్చా?

#2 ల్యాబ్‌కోటు

98.0 అంటే లిమిట్ మీదే కూర్చుంది, కింద కాదు. పాస్ అంటే పాస్. సగటు, ఆర్ఎస్‌డీ (విలువల చెదురు, సగటులో శాతంగా) రాసి ముందుకెళ్లండి బ్రదర్. ఇంకా రోబస్ట్‌నెస్ (చిన్న చిన్న మార్పులకు మెథడ్ తట్టుకుంటుందా అన్న పరీక్ష) చేయాలిగా.

#3 బఫర్_బాబాయ్

ముందుకెళ్లకు నాయనా, ఆగు. కొన్ని చూసుకో.

ఫిల్టర్: ఒక శాంపిల్‌నే మూడు రకాలుగా చెయ్యి. ఒకటి సెంట్రిఫ్యూజ్ చేసినది, ఒకటి 0.45 మైక్రాన్ నైలాన్, ఒకటి పీవీడీఎఫ్. ప్రతి ఫిల్టర్‌కూ మొదటి 2 మి.లీ. ఒక వయల్‌లో, 5 మి.లీ. పారబోశాక వచ్చేది ఇంకో వయల్‌లో పట్టు. సెంట్రిఫ్యూజ్ ఏరియాతో పోలిస్తే ఫిల్టర్ తింటోందో లేదో పావుగంటలో తేలిపోతుంది. ఫిల్టర్ తినేటట్లయితే తక్కువ గాఢతలోనే ఎక్కువ శాతం పోవాలి. నీకు దానికి తిరగబడి వస్తోంది కాబట్టి నాకు ఫిల్టర్ మీద అనుమానం తక్కువే. అయినా చూడు.

ఎక్స్‌ట్రాక్షన్: 120% ఫ్లాస్కు అడుగున మిగిలిన మడ్డిని సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవం తీసేసి, కొత్త డైల్యూయెంట్‌తో (శాంపిల్‌ను కరిగించే ద్రవంతో) ఒకసారి కడిగి, తర్వాత మళ్లీ 30 నిమిషాలు సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్‌తో కదిలించి) ఇంజెక్ట్ చెయ్యి. అందులో 0.5 శాతానికి మించి దొరికితే సోనికేషన్ చాలట్లేదని.

మేకప్ (ఫ్లాస్కును గీత దాకా నింపడం): సోనికేటర్ నుంచి తీసిన ఫ్లాస్కు వేడిగా ఉండగా గీత దాకా పోస్తే చల్లారాక మట్టం దిగిపోతుంది, గాఢత పెరుగుతుంది. అసిటోనైట్రైల్ ఎక్కువ ఉన్న డైల్యూయెంట్‌కు 10 డిగ్రీల తేడా ఉంటే 1 శాతం పైమాటే. అసిటోనైట్రైల్‌ను నీళ్లతో కలిపితే దీనికి ఉల్టా, ద్రావణం చల్లబడుతుంది, గీత మీద పోసింది కాసేపటికి గీత దాటి ఉంటుంది. రెండింటికీ మందు ఒకటే, గది ఉష్ణోగ్రతకు వచ్చాకే గీత చూడటం.

ఇంకోటి చాలామంది పట్టించుకోనిది. కరగని ప్లాసిబో కూడా చోటు ఆక్రమిస్తుంది. 950 మి.గ్రా. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ లాంటివి సాంద్రత 1.5 అనుకుంటే సుమారు 0.63 మి.లీ. నీది 500 మి.లీ. ఫ్లాస్కు కాబట్టి 0.13 శాతమే, పోనీ అనుకోవచ్చు. అదే 100 మి.లీ. ఫ్లాస్కు అయితే 0.6 శాతం ఎక్కువగా చూపించేది. అందుకే యాక్యురసీలో ప్లాసిబో వేయకుండా ఏపీఐ ఒక్కటే తూచి చేసే పద్ధతి నాకు గిట్టదు.

#4 సగటు_మనిషి

ల్యాబ్‌కోటు గారూ, పాస్ అన్నది నిజమే. కానీ లెక్క కొంచెం లోతుకు వెళ్తే కథ వేరేలా ఉంది.

తొమ్మిదింటి సగటు 98.63, ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) 0.45. 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (నిజమైన సగటు ఉండగల హద్దులు) కావాలంటే టీ విలువ (8 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు) 2.306, దాన్ని 0.45/3తో గుణిస్తే 0.34. అంటే 98.3 నుంచి 99.0. ఇంటర్వెల్ లిమిట్ లోపలే ఉంది, కానీ 100ను తాకట్లేదు. తాకకపోతే ఫెయిల్ అని కాదు. ప్రెసిషన్ బాగున్న మెథడ్‌లో చిన్న బయాస్ (ఎప్పుడూ ఒకే వైపుకు లాగే తప్పు) కూడా ఇలా స్పష్టంగా బయటపడుతుంది. కాకపోతే బయాస్ ఉందన్నది ఖాయం, అది అదృష్టం కొద్దీ వచ్చిన అంకె కాదు.

శాతాలు పక్కన పెట్టి మి.గ్రా.ల్లో గీత గీయండి. అడ్డంగా వేసినది, నిలువుగా దొరికినది. లెవెల్ సగటులు 99.07, 98.60, 98.23 కాబట్టి దొరికినది 39.63, 49.30, 58.94 మి.గ్రా. వాలు 0.966, ఇంటర్‌సెప్ట్ (వేసినది సున్నా అయిన చోట గీత ఎత్తు) +1.0 మి.గ్రా. వాలు ఇంటర్వెల్ సుమారు 0.952 నుంచి 0.979, అందులో 1 లేదు. ఇంటర్‌సెప్ట్ ఇంటర్వెల్ 0.3 నుంచి 1.7, అందులో 0 లేదు.

దీని అర్థం, ఒక తప్పు కాదు, రెండు ఉన్నాయి. ఒకటి పైకి లాగుతోంది, ఒకటి కిందికి లాగుతోంది, రెండూ కలిసి 98.6 దగ్గర రాజీపడ్డాయి. సగటు రికవరీ ఒక్కటే చూస్తే ఈ రాజీ కనపడదు.

#5 కాలమ్‌కుర్రాడు

బాబాయ్ గారూ, చెప్పినవి చేశాం. ఫిల్టర్ మూడు రకాలకూ తేడా 0.2 శాతం లోపే. మడ్డిలో దొరికింది 0.1 శాతం. మేకప్ గదిలో గంట ఉంచాకే.

సగటు_మనిషి గారూ, +1.0 మి.గ్రా. అంటే టార్గెట్‌లో 2 శాతం. ప్లాసిబో నుంచి వస్తే ఆ పీక్ కళ్లకు కనిపించాలి కదా? ఏమీ లేదు మరి.

#6 మేనిస్కస్

ప్లాసిబోలో లేకపోతే కాలిబ్రేషన్‌లో ఉంటుంది. రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి.

ఒకటి, లీనియారిటీలో (గాఢతకూ సిగ్నల్‌కూ గీసిన గీతలో) ఇంటర్‌సెప్ట్ 100% రెస్పాన్స్‌లో ఎంత శాతం? 100% పీక్ ఎత్తు ఎన్ని మిల్లీ ఏయూ (కాంతి శోషణ కొలమానం)?

రెండు, స్టాండర్డ్‌కు పొటెన్సీ (తూచిన బరువులో అసలు మందు శాతం) వేసి ఉంటారు. ప్లాసిబోలో వేసిన ఏపీఐకి వేశారా? ఆ ఏపీఐ లాట్ నీటిశాతం ఎంత?

#7 కాలమ్‌కుర్రాడు

లీనియారిటీ 50 నుంచి 150%. ఆర్ విలువ 0.9996. ఇంటర్‌సెప్ట్ 1.9 శాతం, మా లిమిట్ 2.0 కాబట్టి పాస్. 100% పీక్ ఎత్తు 1620 మిల్లీ ఏయూ.

ఏపీఐ లాట్ సర్టిఫికెట్‌లో అస్సే 99.8%, అన్‌హైడ్రస్ బేసిస్ మీద, అంటే నీరు తీసేసి లెక్కించినది. కార్ల్ ఫిషర్ (నీటిని కొలిచే పరీక్ష) నీరు 1.3%. స్టాండర్డ్‌కు యాజ్-ఈజ్ (నీటితో కలిపి లెక్కించిన) పొటెన్సీ వాడాం. స్పైక్ చేసిన (ప్లాసిబోలో కావాలని కలిపిన) ఏపీఐకి... తూచిన బరువే వేశాం.

#8 మేనిస్కస్

అయితే రెండు దొంగలూ దొరికినట్టే.

99.8ని 0.987తో గుణిస్తే 98.50. మీరు వేసింది 50 మి.గ్రా. కాదు, 49.25 మి.గ్రా. రికవరీ కింద ఉండే అంకే తప్పు. ఈ తప్పు మూడు లెవెల్స్‌కూ ఒకే నిష్పత్తిలో పడుతుంది.

రికవరీ అనేది ఒక భిన్నం. అందరూ పై అంకె మీదే కళ్లు పెడతారు, క్రొమాటోగ్రామ్ చూస్తారు, ఇంటిగ్రేషన్ చూస్తారు. కింది అంకె బ్యాలెన్స్ ప్రింట్ మీద ఉంది కాబట్టి అది నిజమే అనుకుంటారు. హైగ్రోస్కోపిక్ (గాలిలోని తేమ పీల్చే) పదార్థం అయితే సర్టిఫికెట్ నాటి నీటిశాతం కూడా పనికిరాదు. డబ్బా తెరిచిన రోజే కార్ల్ ఫిషర్ చేసి ఆ విలువ వేయాలి. వానాకాలంలో మరీనూ.

ఇంకో మాట. స్టాండర్డ్‌కూ స్పైక్‌కూ ఒకే లాట్ వాడి, రెండింటికీ పొటెన్సీ వేయకపోతే ఈ తప్పు పైనా కిందా కొట్టుకుపోయి రికవరీ చక్కగా 100 వచ్చేది. అప్పుడు ఎవరికీ అనుమానం రాదు. తర్వాత టాబ్లెట్ అస్సే మాత్రం ఆ 1.5 శాతం మేర ఎక్కువగా చూపిస్తూనే ఉంటుంది.

#9 సగటు_మనిషి

మళ్లీ లెక్కేశా. తొమ్మిదింటినీ 0.985తో భాగిస్తే సగటు 100.1, ఇంటర్వెల్ 99.8 నుంచి 100.5. 100 లోపలికి వచ్చేసింది.

కానీ ఏటవాలు అలాగే ఉంది. 80% దగ్గర 100.6, 100% దగ్గర 100.1, 120% దగ్గర 99.7. దీనికి కారణం ఆ 1.9 శాతం ఇంటర్‌సెప్ట్. సింగిల్ పాయింట్ స్టాండర్డ్ అంటే గీత సున్నా గుండా పోతుందని ఒప్పుకున్నట్టు. నిజమైన గీత సున్నా దగ్గర 2 శాతం పైన మొదలైతే 80% దగ్గర (0.02 + 0.98 × 0.8)/0.8 = 1.005, అంటే అర శాతం ఎక్కువ. 120% దగ్గర 0.997, అంటే 0.3 శాతం తక్కువ. 100% దగ్గర స్టాండర్డూ శాంపిలూ ఒకటే కాబట్టి తేడా ఉండదు. మీ అంకెలు అచ్చం ఇలాగే ఉన్నాయి.

#10 బఫర్_బాబాయ్

1620 మిల్లీ ఏయూ అని చూడగానే అర్థమైంది. 120% దగ్గర 1900 దాటుతుంది. ఆ ఎత్తులో డిటెక్టర్‌కు అందే కాంతే ఒక శాతం చుట్టుపక్కల ఉంటుంది, దారి తప్పి వచ్చే స్ట్రే లైట్ దానికి తోడై పీక్ శిఖరాన్ని కొంచెం కొంచెంగా నొక్కేస్తుంది. వంపు తిరిగిన ఆ చుక్కల గుండా తిన్నటి గీత గీస్తే ఇంటర్‌సెప్ట్ ప్లస్‌లోకి లేస్తుంది. ఆర్ 0.9996 ఈ వంపును పట్టుకోలేదు. రెసిడ్యువల్ ప్లాట్ వేసి చూడు. రెండు చివర్లలో మైనస్, మధ్యలో ప్లస్, బోర్లించిన చిప్పలా ఉంటుంది.

ఇంజెక్షన్ 20 నుంచి 10కి దించు. లేదా శోషణ తక్కువ ఉన్న తరంగదైర్ఘ్యానికి జరుపు, కానీ శిఖరం పక్క వాలు మీద మాత్రం పెట్టకు, 1 నానోమీటర్ తేడాకే ఏరియా ఊగిపోతుంది. నాకైతే 100% పీక్ 1000 మిల్లీ ఏయూ లోపల ఉంటేనే నిద్ర పడుతుంది.

#11 ల్యాబ్‌కోటు

సరే, ఒప్పుకుంటున్నా, నాది తొందరపాటే. ఇదే సందర్భంలో నాదొక ప్రశ్న. రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ (మందులోని మలినాలు, అంటే ఇంప్యూరిటీలు) యాక్యురసీ. ఇంప్యూరిటీ-బి లిమిట్ 0.2%, శాంపిల్ 1 మి.గ్రా./మి.లీ. ఎల్‌ఓక్యూ (నమ్మకంగా కొలవగలిగే అతి తక్కువ స్థాయి), 50%, 100%, 150% లెవెల్స్‌లో స్పైక్ చేస్తే అన్నిచోట్లా 88 నుంచి 90 మధ్య వస్తోంది. ఇంకో ఇంప్యూరిటీ-డి ఎల్‌ఓక్యూ దగ్గర 71, పైకి వెళ్లే కొద్దీ 96. లిమిట్ 85–115 పెట్టాం, ఎల్‌ఓక్యూకు 70–130.

#12 మేనిస్కస్

రెండూ వేర్వేరు జబ్బులు.

బి సంగతి: అన్ని లెవెల్స్‌లో ఒకే నిష్పత్తిలో తక్కువ వస్తే ముందు గుణకాలు చూడండి. ఇంప్యూరిటీ స్టాండర్డ్ హైడ్రోక్లోరైడ్ సాల్ట్‌గా వచ్చిందా? బేస్ అణుభారం 300 అనుకుంటే సాల్ట్ 336.5, ఫ్యాక్టర్ 0.89. అది వేయకపోతే రికవరీ 89కి దగ్గరగా వస్తుంది, మీకు వచ్చినట్టే. ప్రిపరేటివ్ హెచ్‌పీఎల్‌సీలో శుద్ధి చేసిన ఇంప్యూరిటీలు ట్రైఫ్లోరోఅసిటేట్ సాల్ట్‌గా రావడం మామూలే, అప్పుడు ఫ్యాక్టర్ 0.72కి పడిపోతుంది. సర్టిఫికెట్ మీద 98% ప్యూరిటీ అని ఉంటుంది, అది తరచూ ఏరియా శాతమే. అందులో నీరు, సాల్వెంట్, సాల్ట్ భాగం లెక్కలో ఉండవు.

ఆర్‌ఆర్‌ఎఫ్ (ఏపీఐతో పోలిస్తే ఇంప్యూరిటీ ఇచ్చే సిగ్నల్ నిష్పత్తి) కూడా చూడండి. డైల్యూటెడ్ ఏపీఐ స్టాండర్డ్ మీద లెక్కిస్తూ 0.9 ఆర్‌ఆర్‌ఎఫ్ మర్చిపోయినా ఇదే అంకె వస్తుంది. పైగా ఒక కిటుకు ఉంది. ఆర్‌ఆర్‌ఎఫ్ కట్టిన స్టాండర్డ్ సీసాతోనే స్పైక్ కూడా చేస్తే, ఆ స్టాండర్డ్ ప్యూరిటీ తప్పు రికవరీలో ఎప్పటికీ బయటపడదు. రికవరీ 100 వస్తుంది, ఆర్‌ఆర్‌ఎఫ్ తప్పుగానే ఉంటుంది.

డి సంగతి: తక్కువ గాఢతలో ఎక్కువ శాతం పోతోంది అంటే ఎక్కడో అతుక్కుంటోంది. ఫిల్టర్, గాజు, వయల్ మూడూ అనుమానితులే. బేసిక్ ఎమీన్ అయితే గాజు మీది సిలనాల్స్‌కు పట్టుకుంటుంది. డైల్యూయెంట్‌లో ఆర్గానిక్ శాతం పెంచి, లేదా కొంచెం ఆమ్లం చేర్చి, లేదా పాలీప్రొపిలీన్ వయల్‌లో పెట్టి చూడండి. అయితే దానికి ముందు ఇంటిగ్రేషన్. ఎల్‌ఓక్యూ పీక్‌కు బేస్‌లైన్ ఒక్క గీత అటూ ఇటూ వేస్తే 20 శాతం మారుతుంది. అన్ని ఇంజెక్షన్లకూ ఒకే ప్రాసెసింగ్ మెథడ్ వాడుతున్నారా?

డి ఒకవేళ 4-అమినోఫినాల్ లాంటిది అయితే (పారాసిటమాల్ ఇంప్యూరిటీ, గాలి తగిలితే ఆక్సిడైజ్ అయి రంగు తిరిగేది) అతుక్కోవడం కాదు, విచ్ఛిన్నమైపోవడమే. అప్పుడు ఎల్‌ఓక్యూ శాంపిల్స్ సీక్వెన్స్ చివర్లో ఉన్నాయా చూడండి. లెవెల్ వారీగా వరసపెట్టి ఇంజెక్ట్ చేస్తే కాలం వల్ల తగ్గిందో గాఢత వల్ల తగ్గిందో విడదీయలేం. వయల్స్‌ను కలగాపులగంగా పెట్టండి, ట్రే 5 డిగ్రీల దగ్గర, ద్రావణం అప్పటికప్పుడు చేసినది, అంబర్ గాజు.

#13 సగటు_మనిషి

ఒక చిన్న చేర్పు. శాంపిల్‌లో అప్పటికే ఉన్న ఇంప్యూరిటీని తీసేయాలి కదా. మొత్తం దొరికినదాంట్లోంచి స్పైక్ చేయని శాంపిల్‌లో దొరికినది తీసి, వేసినదానితో భాగించాలి. కానీ శాంపిల్‌లోనే 0.15% ఉండి, మీరు 0.10% స్పైక్ చేశారనుకోండి. రెండు కొలతలకూ ఆర్ఎస్‌డీ 5 శాతం అయితే 0.25కి 0.0125, 0.15కి 0.0075. తీసివేతలో ఈ రెండూ కలిసి 0.0146 అవుతాయి, అంటే 0.10 మీద దాదాపు 15 శాతం. రికవరీ 85 వచ్చినా 115 వచ్చినా దానికి అర్థం ఉండదు. ఇంప్యూరిటీ తక్కువ ఉన్న బ్యాచ్ వెతికి దాంట్లో స్పైక్ చేయండి, దొరక్కపోతే ప్లాసిబో ప్లస్ శుద్ధమైన ఏపీఐ.

#14 బఫర్_బాబాయ్

స్పైక్ ఎక్కడ చేస్తున్నారు అన్నది ఎవరూ అడగలేదు. ఫిల్టర్ చేసిన శాంపిల్ ద్రావణంలో ఇంప్యూరిటీ ద్రావణం పోసి కలిపితే అది హెచ్‌పీఎల్‌సీకి పెట్టిన పరీక్ష, మెథడ్‌కు కాదు. ఎక్స్‌ట్రాక్షన్, ఫిల్టర్, రెండూ దాటిపోయాక వేశారు మరి. పొడి మీద వేయాలి, ఫ్లాస్కులో డైల్యూయెంట్ పోయక ముందు. కొద్ది పరిమాణంలోనే వేసి 15–30 నిమిషాలు అలా వదిలి తర్వాతే డైల్యూయెంట్ పోయాలి.

అలా చేసినా అది టాబ్లెట్ కాదు. గ్రాన్యూల్ చేసి, ఒత్తి, ఫిల్మ్ కోటింగ్ వేసిన దాని లోపలి మందు బయటికి రావడం వేరు, ప్లాసిబో పొడి పక్కన పడి ఉన్న మందు కరగడం వేరు. అందుకే అసలు టాబ్లెట్ల మీద సోనికేషన్ 10, 20, 30, 45 నిమిషాలు చేసి ఎక్కడ సమంగా నిలబడుతుందో చూడాలి. 30కీ 45కీ మధ్య ఇంకా 1 శాతం పెరుగుతుంటే, స్పైక్ రికవరీ 100.0 వచ్చినా ఆ మెథడ్ టాబ్లెట్‌ను తక్కువగానే చదువుతోంది. ఎక్కువ గట్టిదనం ఉన్న బ్యాచ్‌తో, స్టెబిలిటీలో పాతబడిన శాంపిల్‌తో చేస్తే ఇంకా మంచిది.

#15 గుంటూరు_ఘాటు

ఫార్మా వాళ్ల 98–102 గొడవ చూస్తుంటే మా ఫుడ్ ల్యాబ్ వాళ్లకు ముచ్చటేస్తుంది. మిరపకాయలో పురుగుమందుల అవశేషాలకు యూరప్ మార్గదర్శకం శాంటే ప్రకారం సగటు రికవరీ 70–120, ఆర్ఎస్‌డీ 20 లోపు. కనీసం రెండు లెవెల్స్, ఒక్కోటి ఐదు, ఒకటి ఎల్‌ఓక్యూ దగ్గరే ఉండాలి.

బాబాయ్ చెప్పిన "ఎక్కడ స్పైక్ చేశారు" అన్నది మాకు ప్రాణం. ఎండు మిరప పొడి 2 గ్రాములు, స్పైక్ చేసి వదలాలి, తర్వాత 10 మి.లీ. నీళ్లు పోసి నాననివ్వాలి, ఆ తర్వాత అసిటోనైట్రైల్. నాననివ్వకపోతే పొడి గడ్డకట్టి అసిటోనైట్రైల్ లోపలికి దిగదు. రంగు తీయడానికి గ్రాఫైటైజ్డ్ కార్బన్ వేస్తాం. అది ఎరుపుతోపాటు చదును అణువులనూ లాగేస్తుంది. థయాబెండజోల్, క్లోరోథలోనిల్ లాంటివి దాని బాధితులు. కార్బన్ తగ్గిస్తే రికవరీ లేస్తుంది, ద్రావణం ఎర్రగా ఉండి మెషీన్ సోర్స్ పాడవుతుంది. ఏదో ఒక చోట రాజీ.

ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ (కాలమ్‌లో విడదీశాక అణువుల ద్రవ్యరాశితో గుర్తించే యంత్రం) వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. రికవరీ 55 వచ్చిందంటే మందు పోయిందని కాదు. మూడు చేయాలి: శుద్ధ సాల్వెంట్‌లో స్టాండర్డ్ (ఏ), ఖాళీ మిరప ఎక్స్‌ట్రాక్ట్‌లో చివర్న కలిపిన స్టాండర్డ్ (బి), మొదట్లోనే స్పైక్ చేసి మొత్తం దారి నడిపించినది (సి). బి/ఏ అంటే మ్యాట్రిక్స్ (శాంపిల్‌లోని మిగతా పదార్థాలు) అణచివేత, సి/బి అంటే అసలు రికవరీ. ఏ=100, బి=60, సి=55 అయితే ఎక్స్‌ట్రాక్షన్ 92 శాతం, దానికేం లోటు లేదు. మిరప రంగూ నూనే సిగ్నల్‌ను నొక్కాయి. కాలిబ్రేషన్‌ను మ్యాట్రిక్స్‌లో కడితే సరిపోతుంది. దీన్ని ఎక్స్‌ట్రాక్షన్ సమస్య అనుకుని షేకింగ్ గంటకు పెంచినా లాభం ఉండదు.

#16 ల్యాబ్‌కోటు

బి హైడ్రోక్లోరైడే! లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఫ్యాక్టర్ వేస్తే 99 దగ్గరకు వచ్చింది. డి కోసం పాలీప్రొపిలీన్ వయల్స్ ఇండెంట్ పెట్టాను.

ఘాటు గారూ, రిఫరెన్స్ మెటీరియల్ (విలువ ముందే ధ్రువీకరించిన నమూనా) ఉంటే స్పైకే అక్కర్లేదా?

#17 గుంటూరు_ఘాటు

ఉంటే స్పైక్ కంటే అదే బలమైన సాక్ష్యం, ఎందుకంటే దానిలోని పదార్థం మనం పైన చల్లినది కాదు, లోపల కట్టుకుని ఉన్నది. కానీ పోలిక సరిగ్గా చేయాలి. బియ్యప్పొడిలో సీసం సర్టిఫైడ్ విలువ 0.50 ± 0.03 మి.గ్రా./కిలో (కే=2, అంటే అనిశ్చితిని రెండింతలు చేసి రాసినది) అనుకోండి. మీకు ఆరుసార్లు సగటు 0.46, ఎస్‌డీ 0.03. తేడా 0.04. సర్టిఫికెట్ అనిశ్చితి 0.015, మీది 0.03/√6 = 0.012. రెండూ కలిస్తే 0.0194, రెట్టింపు 0.039. తేడా దానికంటే ఎక్కువ కాబట్టి బయాస్ ఉన్నట్టే, రికవరీ 92 చూడటానికి బాగానే ఉన్నా సరే. సర్టిఫికెట్ మీది ±0.03ను అలాగే వాడేసి "లోపలే ఉంది" అనేవాళ్లు చాలామంది. దాన్ని కే విలువతో భాగించాలి. తేమ సవరణ కూడా మర్చిపోవద్దు, సర్టిఫైడ్ విలువలు చాలావరకు ఎండు బరువు మీద ఉంటాయి.

మీకు టాబ్లెట్లకు ఇలాంటివి దొరకవు కాబట్టి స్పైకే గతి. లేదంటే పూర్తిగా వేరే సూత్రం మీద పనిచేసే మెథడ్‌తో పోల్చుకోవాలి.

#18 ఆడిట్_అత్తయ్య

క్యూఏ (నాణ్యతా హామీ విభాగం) వైపు నుంచి నాలుగు మాటలు.

98–102 అన్నది ఐసీహెచ్‌లో (మందుల అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఎక్కడా లేదు. ఐసీహెచ్ చెప్పేది కనీసం మూడు లెవెల్స్‌లో తొమ్మిది నిర్ధారణలు. అస్సేకు రేంజ్ 80–120, ఇంప్యూరిటీకి రిపోర్టింగ్ లెవెల్ నుంచి స్పెసిఫికేషన్‌లో 120 శాతం దాకా. లిమిట్ మీ స్పెసిఫికేషన్ చూసి మీరే పెట్టాలి. 95–105 టాబ్లెట్ స్పెసిఫికేషన్‌కు 2 శాతం బయాస్ అంటే ఉన్న చోటులో దాదాపు సగం మెథడ్ తినేసినట్టే. 2023 నవంబరులో ఖరారైన క్యూ2 ఆర్2లో (వ్యాలిడేషన్ మీది ఐసీహెచ్ మార్గదర్శకం) కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మీ లిమిట్‌కు పొసగాలని ఉంది. కాబట్టి సగటు 98.1, ఇంటర్వెల్ 97.6–98.6 అయితే "అన్నీ పాస్" అనే వాక్యం ఇన్‌స్పెక్టర్ ముందు నిలవదు.

కాలమ్‌కుర్రాడూ, పొటెన్సీ మర్చిపోవడం లెక్క తప్పు. డీవియేషన్ (పద్ధతి తప్పిన విషయం నమోదు చేసే ఫారం) రాసి, సర్టిఫికెట్, కార్ల్ ఫిషర్ డేటా జతచేసి మళ్లీ లెక్కించవచ్చు, ఇంజెక్షన్లు మళ్లీ అక్కర్లేదు. పాత లెక్క షీటు చించవద్దు, కొట్టివేసి సంతకం, తేదీ. కానీ ఇంజెక్షన్ 20 నుంచి 10కి మార్చడం మెథడ్ మార్పు. దానికి లీనియారిటీ, యాక్యురసీ, రిపీటబిలిటీ మళ్లీ చేయాల్సిందే. ఇంప్యూరిటీ మెథడ్ కూడా ఇదే అయితే ఎల్‌ఓక్యూ కూడా. రెండు మార్పులనూ ఒకే డీవియేషన్‌లో కలిపి రాయకు, అడిగినప్పుడు విడదీయడం కష్టం.

ఇంకోటి, బ్యాలెన్స్. 40 మి.గ్రా. ఏ బ్యాలెన్స్ మీద తూచారు? యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం) లెక్క ప్రకారం 0.1 మి.గ్రా. రీడబిలిటీ (చూపించే అతి చిన్న అంకె) బ్యాలెన్స్‌కు కనీస బరువు ఎంత బాగున్నా 82 మి.గ్రా. కంటే తగ్గదు. 0.01 మి.గ్రా. దానికి 8.2.

#19 కాలమ్‌కుర్రాడు

అత్తయ్య గారూ, ఐదు స్థానాల బ్యాలెన్సే, బతికిపోయాం.

10 మైక్రోలీటర్లతో మళ్లీ చేశాం. 100% పీక్ 830 మిల్లీ ఏయూ. ఇంటర్‌సెప్ట్ 0.3 శాతం, రెసిడ్యువల్స్‌లో చిప్ప ఆకారం పోయింది. స్పైక్ ఏపీఐకి ఆ రోజు కార్ల్ ఫిషర్ చేస్తే 1.5% నీరు, సర్టిఫికెట్ కంటే ఎక్కువే. రికవరీ లెవెల్ సగటులు 100.2, 100.0, 99.9.

ఒక్క సందేహం మిగిలింది. బాబాయ్ గారు చెప్పినట్టు అసలు టాబ్లెట్ల మీద సోనికేషన్ చేశాం. 10 నిమిషాలకు 95.8, 20కి 98.4, 30కి 99.3, 45కి 99.4. మెథడ్‌లో ఉన్నది 20 నిమిషాలు.

#20 బఫర్_బాబాయ్

చూశావా, స్పైక్‌లో ఇది కనపడనే లేదు. 30కి మార్చు, మధ్యలో పది నిమిషాలకోసారి ఫ్లాస్కు చేత్తో తిప్పాలని మెథడ్‌లోనే రాయి. సోనికేటర్ నీళ్లు వేడెక్కకుండా ఐస్ ముక్కలు వేయమని కూడా రాయి. లేకపోతే ఒకరు వేస్తారు, ఒకరు వేయరు. ఇంటర్మీడియెట్ ప్రెసిషన్‌లో (వేరే రోజు, వేరే మనిషి చేసి చూసే పరీక్షలో) తేడా వచ్చాక ఎవరు వేయలేదో వెతుక్కోవాల్సి వస్తుంది.

#21 ఆడిట్_అత్తయ్య

అది మూడో మార్పు. మూడో ఫారం తీసుకో నాయనా.